ఊపిరి తీరు మారినప్పుడు ఇంట్లో ఎలా గమనించాలి, ఏం చేయాలి

ఇంట్లో ఎవరికైనా ఊపిరి తేడాగా ఉందనిపిస్తే చాలామంది మొదట ఆక్సీమీటర్ కోసం వెతుకుతారు. కొవిడ్ తర్వాత అది చాలా ఇళ్ళకు చేరింది. అందులో 98 కనబడగానే "ఏం లేదులే, గ్యాస్ అయ్యుంటుంది" అని పడుకుంటారు. దయచేసి అలా చేయకండి. షుగర్ విపరీతంగా పెరిగి రక్తం ఆమ్లంగా మారిపోతున్న మనిషికి కూడా అందులో 98 రావచ్చు, ఎందుకంటే అక్కడ జబ్బు ఊపిరితిత్తుల్లో లేదు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో ఆ పరికరం చెబుతుంది. ఆ ఆక్సిజన్‌ని నిలబెట్టుకోవడానికి మనిషి ఎంత కష్టపడుతున్నాడో చెప్పదు. అది మీ కళ్ళతో చూసి, లెక్కపెట్టి తెలుసుకోవాలి. నేర్చుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

ముందుగా ఒక మాట. పెదవులు, నాలుక నీలంగా మారినా, పూర్తి వాక్యం మాట్లాడలేక రెండేసి మాటలకు ఆగిపోతున్నా, పిలిస్తే సరిగా పలకకపోయినా, ఛాతీలో నొప్పితో చెమటలు పడుతున్నా లెక్కపెడుతూ కూర్చోకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. మిగతా విషయాలన్నీ కాస్త సమయం ఉన్నప్పుడు చేసేవి.

లెక్కపెట్టడం ఎలా

మనిషి కుదురుగా కూర్చున్నప్పుడో, నిద్రలో ఉన్నప్పుడో లెక్కపెట్టాలి. మెట్లెక్కి వచ్చిన వెంటనే, ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు వచ్చే లెక్క పనికిరాదు. "నీ ఊపిరి లెక్కపెడుతున్నా" అని చెప్పకండి. చెప్పిన మరుక్షణం ఊపిరి తీరు మారిపోతుంది. నాడి చూస్తున్నట్టు మణికట్టు పట్టుకుని, చూపు మాత్రం ఛాతీ మీద పెట్టండి. పసిపిల్లలకైతే చొక్కా పైకెత్తి పొట్ట మీద చూడండి, వాళ్ళ ఊపిరి అక్కడే బాగా కనిపిస్తుంది.

ఛాతీ ఒకసారి లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని 60 సెకన్లు నిండా లెక్కపెట్టండి. 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించే పద్ధతి ఇక్కడ పనికిరాదు. మధ్యలో ఊపిరి ఆగి మళ్ళీ మొదలయ్యే మనిషికి ఆ 15 సెకన్లు ఎక్కడ పడ్డాయన్న దాన్నిబట్టి లెక్క పూర్తిగా తప్పుతుంది. మామూలుగా విశ్రాంతిలో ఉన్న పెద్దవాళ్ళు నిమిషానికి 12 నుంచి 20 సార్లు ఊపిరి తీసుకుంటారు. మధ్యమధ్యలో ఒక పెద్ద నిట్టూర్పు రావడం అందరికీ ఉండేదే, దానికి భయపడకండి.

అంకె వచ్చాక ఇంకో నిమిషం తీరు చూడండి. లోతుగా ఉందా, పైపైన ఉందా? ఒకే లయలో వస్తోందా, ఆగి ఆగి వస్తోందా? మెడ కండరాలు బిగుసుకుంటున్నాయా? పిల్లికూతలు వినిపిస్తున్నాయా? కుదిరితే ఒక నిమిషం వీడియో తీయండి. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆ తీరు తగ్గిపోవచ్చు. రాత్రి రెండు గంటలకు తీసిన వీడియో డాక్టరుకు చాలా సంగతులు చెబుతుంది.

పసిపిల్లల్లో

ఎక్కువ జాగ్రత్త కావాల్సింది ఇక్కడే. ఐదేళ్ళలోపు పిల్లలకు న్యుమోనియా ప్రాణాంతకం కావచ్చు. దాన్ని ఇంట్లోనే పసిగట్టడానికి ఉన్న అతి తేలికైన మార్గం ఊపిరి లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దులివి: రెండు నెలలలోపు బిడ్డకు నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50 లేదా ఎక్కువ, ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు 40 లేదా ఎక్కువ ఉంటే అది వేగంగా ఊపిరి తీయడమే. దగ్గు, జలుబుతో పాటు ఈ లెక్క కనిపిస్తే ఆ రోజే డాక్టరుకు చూపించాలి. "జ్వరం ఉంది కదా, అందుకే" అని వదిలేయకండి. రెండు నెలలలోపు బిడ్డకు 60 లేదా ఎక్కువ వస్తే కాసేపాగి మళ్ళీ లెక్కపెట్టండి. రెండోసారీ అలాగే వస్తే సరాసరి ఆస్పత్రికే.

అంకె కంటే పెద్ద గుర్తు ఇంకొకటి ఉంది. మన అమ్మమ్మలు "డొక్కలు ఎగరేస్తున్నాడు" అంటారే, అదే. బిడ్డ ఊపిరి లోపలికి తీసుకునేటప్పుడు పక్కటెముకల కింది భాగం బయటికి రాకుండా లోపలికి గుంజుకుపోతుంది. దానికి తోడు ముక్కుపుటాలు ఎగరడం, మూలుగు, పాలు తాగలేకపోవడం, తాగినవన్నీ కక్కేయడం, లేపితే లేవకపోవడం ఉంటే ఆ బిడ్డకు ఆక్సిజన్, ఇంజెక్షన్లు అవసరం పడొచ్చు. ఊళ్ళో దగ్గు మందు కొని చూద్దామనుకునే సమయం కాదది. కొన్నిచోట్ల ఇప్పటికీ పసిపిల్లల పొట్ట మీద వాతలు పెడుతున్నారు. వాత వల్ల ఊపిరి ఒక్క పిసరు కూడా మెరుగవదు. పైగా కాలిన పుండు, దాని నొప్పి, చీము ఆ బిడ్డకు అదనపు బాధ. ఇంట్లో పెద్దవాళ్ళు పట్టుబట్టినా సరే, ఈ ఒక్క విషయంలో మెత్తబడకండి.

మామూలు న్యుమోనియాకు నోటి ద్వారా ఇచ్చే యాంటీబయాటిక్ చాలు, కానీ డాక్టరు చెప్పిన రోజులన్నీ వేయాలి. రెండో రోజుకు హుషారుగా ఆడుకుంటున్నాడని సీసా పక్కన పెట్టేయకండి. రెండు రోజులైనా లెక్క తగ్గకపోతే మళ్ళీ తీసుకెళ్ళండి. న్యుమోకోకల్ టీకా ప్రభుత్వ టీకాల పట్టికలో ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలకు ఉంది, ఉచితంగా వేస్తారు. కార్డు తీసి ఒకసారి చూసుకోండి.

పుట్టిన కొద్ది వారాల బిడ్డ నిద్రలో గబగబా కొన్ని శ్వాసలు తీసి, ఐదారు సెకన్లు ఆగి, మళ్ళీ మొదలుపెడుతుంది. దీన్ని చూసి కొత్త తల్లులు రాత్రంతా మేలుకునే ఉంటారు. ఆగడం 10 సెకన్లలోపే ఉండి, రంగు మారకుండా, పాలు బాగా తాగుతూ ఉంటే అది పసివయసు లక్షణమే, నెలలు గడిచేకొద్దీ పోతుంది. ఆగడం 20 సెకన్లకు చేరినా, అంతకంటే తక్కువే అయినా ఒళ్ళు నీలంగానో పాలిపోయినట్టుగానో మారినా, బిడ్డ వాలిపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ విషయంలో ఇంకా తొందరపడాలి.

ఆడుకుంటూ వేరుశెనగ గింజలు తింటున్న పిల్లాడు ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై దగ్గి, తర్వాత సర్దుకున్నా ఒక పక్క పిల్లికూత మిగిలిపోతే, గింజ శ్వాసనాళంలో ఉండొచ్చు. దగ్గు తగ్గిందని ఊరుకోకుండా చూపించండి.

లోతుగా, వేగంగా, ఆగకుండా వస్తుంటే

పరుగెత్తి వచ్చినవాడిలా లోతైన ఊపిరి, కానీ మనిషి మంచం మీదే ఉన్నాడు. ఛాతీ వింటే శుభ్రంగా ఉంటుంది. 1874లో జర్మన్ వైద్యుడు కుస్మాల్ షుగర్ రోగుల్లో దీన్ని వర్ణించాడు, ఆయన పేరే దీనికి ఉండిపోయింది. ఇన్సులిన్ అందక శరీరం కొవ్వును కరిగించుకుంటూ కీటోన్లనే ఆమ్లాలను రక్తంలోకి వదులుతుంది. ఆ ఆమ్లాన్ని తగ్గించుకోవడానికి కార్బన్ డయాక్సైడ్‌ని వీలైనంత బయటికి పంపాలని ఊపిరి అలా పనిచేస్తుంది. కడుపునొప్పి, వాంతులు, విపరీతమైన దాహం, నోట్లోంచి మగ్గిన పండు వాసన తోడుంటాయి.

ఇది ఎక్కువగా ఇన్సులిన్ ఆపేసినవాళ్ళకు వస్తుంది. టైప్ 1 షుగర్ ఉన్న పిల్లలకు ఇన్సులిన్ ఒక్కరోజు కూడా ఆపకూడదు. జ్వరం వచ్చి ఏమీ తినకపోయినా ఆపకూడదు, మోతాదు ఎంతన్నది డాక్టరును ఫోన్‌లో అడగాలి. ఏ ఆహార నియమం మొదలుపెట్టినా, ఎవరు ఏ చూర్ణం ఇచ్చినా ఈ మాట మారదు. ఇంకో సంగతి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవాళ్ళకు షుగర్ 200 దగ్గరే ఉన్నా కీటోన్లు పెరగొచ్చు. వాంతులు, ఇలాంటి ఊపిరి ఉంటే గ్లూకోమీటర్ అంకె చూసి ధైర్యపడకండి. చికిత్స ఇంట్లో అయ్యేది కాదు. సెలైన్, ఇన్సులిన్, పొటాషియం గంటగంటకూ చూసుకుంటూ ఇవ్వాలి. సకాలంలో చేరితే చాలామంది కోలుకుంటారు.

కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలోనూ ఆమ్లం పేరుకుని ఇదే తీరు ఊపిరి వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం లాంటి చోట్ల, కిడ్నీ జబ్బు ఉందని తెలిసిన మనిషికి ఊపిరి ఇలా మారితే "ఆయాసం మందు" వేసి చూడొద్దు, డయాలసిస్ ఉన్న ఆస్పత్రికి వెళ్ళండి.

పెరిగి, తగ్గి, ఆగి, మళ్ళీ మొదలవుతుంటే

ఊపిరి చిన్నగా మొదలవుతుంది. ఒక్కో శ్వాసకూ లోతు పెరుగుతూ పోయి, మళ్ళీ తగ్గుతూ వచ్చి, మొత్తానికి ఆగిపోతుంది. 10, 20 సెకన్ల తర్వాత మళ్ళీ మొదలు. దీన్ని డబ్లిన్‌లో పనిచేసిన ఇద్దరు వైద్యులు, 1818లో చేన్, 1854లో స్టోక్స్, వర్ణించారు. రిపోర్టులో వాళ్ళ పేర్లు కనబడితే ఈ తీరేనని అర్థం.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే చికిత్స కూడా అర్థమవుతుంది. మెదడు కింది భాగంలో ఉన్న శ్వాసకేంద్రం రక్తంలో కార్బన్ డయాక్సైడ్ చూసుకుంటూ ఊపిరిని నడిపిస్తుంది. గుండె బలహీనపడితే ఊపిరితిత్తుల దగ్గరి రక్తం మెదడుకు ఆలస్యంగా చేరుతుంది. గీజర్ వేడినీళ్ళు ఆలస్యంగా వచ్చే బాత్రూమ్‌లో మనం కుళాయి ఎక్కువగా తిప్పేసి, కాలగానే మొత్తం కట్టేసి, మళ్ళీ తిప్పినట్టు, మెదడు కూడా ముందు ఎక్కువగా ఊపిరి తీయించి తర్వాత ఆపేస్తుంది. కాబట్టి ఇక్కడ సరిచేయాల్సింది గుండెను. పక్షవాతం వచ్చినవాళ్ళలో కూడా ఇది కనిపిస్తుంది. లదాఖ్ లాంటి ఎత్తైన చోట మొదటి రాత్రుల్లో ఆరోగ్యవంతులకే వస్తుంది.

గుండె బలహీనత అనుమానం ఉంటే కొన్ని ప్రశ్నలు అడగండి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి రెండు మూడు దిండ్లు పెట్టుకుంటున్నారా? పడుకున్న గంటా రెండు గంటలకు ఊపిరాడక లేచి కూర్చుంటున్నారా? సాయంత్రానికి పాదాలు వాస్తున్నాయా? ఔనంటే ఈసీజీ, ఎకో పరీక్ష చేయించాలి. జబ్బు ముందే తెలిసినవాళ్ళు రోజూ ఉదయం బాత్రూమ్‌కి వెళ్ళొచ్చాక బరువు చూసి కాగితం మీద రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగితే అది ఒంట్లో చేరిన నీరు. మనిషి మరీ ఉబ్బిపోయేదాకా ఆగకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి. ఉప్పు విషయంలో మన ఇళ్ళలో చిక్కు కూరలతో కాదు. ఆవకాయ, అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు అన్నీ ఉప్పు నిల్వలే. కూరలో ఉప్పు తగ్గించి పక్కన పచ్చడి వేస్తే పెద్దాయనకు ఏమీ ఒరగదు.

నిద్రలో ఆగుతుంటే

గట్టి గురక, ఉన్నట్టుండి నిశ్శబ్దం, ఆ తర్వాత ఉలిక్కిపడ్డట్టు ఒక పెద్ద శ్వాస. రాత్రంతా ఇదే. గొంతు కండరాలు వదులై గాలిదారి మూసుకుపోవడం వల్ల వస్తుంది. పొద్దున తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు, మాత్రలకు లొంగని బీపీ ఉంటే స్లీప్ స్టడీ చేయించండి. గంటకు సగటున ఎన్నిసార్లు ఊపిరి ఆగుతోందో, తగ్గుతోందో అందులో వస్తుంది. 5 దాటితే జబ్బు ఉన్నట్టు, 15 దాటితే మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. లారీ, బస్సు, క్యాబ్ నడిపేవాళ్ళు దీన్ని అస్సలు వాయిదా వేయొద్దు.

బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, రాత్రిపూట మద్యం, నిద్రమాత్రలు మానడం తేలికపాటి ఇబ్బందికి బాగా ఉపయోగపడతాయి. మధ్యస్థం, తీవ్రం అయితే సీపాప్ అనే యంత్రం మాస్కు ద్వారా గాలి ఒత్తిడితో దారిని తెరిచి ఉంచుతుంది. 1981లో సిడ్నీలో సలివాన్ బృందం దీన్ని వెలుగులోకి తెచ్చింది, ఇప్పటికీ ముఖ్యమైన చికిత్స ఇదే. మొదటి వారం మాస్కు చిరాకు పెడుతుంది. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకుని అలవాటు చేసుకోండి, సైజు సరిపోకపోతే మార్పించండి. గుండె బలహీనత ఉన్నవాళ్ళు మాత్రం ఏ యంత్రమూ సొంతంగా కొనొద్దు. ఊపిరి ఆగినప్పుడల్లా తనే సర్దుకుని గాలిచ్చే ఒక రకం యంత్రం, గుండె పంపింగ్ బాగా తగ్గినవాళ్ళలో మరణాలను పెంచిందని 2015లో ఒక పెద్ద పరిశోధన తేల్చింది.

పిల్లికూతలు, టెన్షన్

ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆయాసం మొదలైతే నిటారుగా కూర్చోబెట్టి, డాక్టరు ముందే రాసిచ్చిన సాల్బుటమాల్ ఇన్హేలర్‌ని స్పేసర్ (ఇన్హేలర్‌కు తగిలించే గొట్టం) పెట్టి వాడండి. ఒక పఫ్ నొక్కి, స్పేసర్‌లోంచి నాలుగు శ్వాసలు తీయించి, మళ్ళీ ఒక పఫ్. అలా నాలుగు పఫ్‌లు. నాలుగు నిమిషాలాగి తగ్గకపోతే మరో నాలుగు ఇస్తూ 108కి ఫోన్ చేయండి. ఇన్హేలర్ అలవాటైపోతుందన్న భయం వద్దు. మాత్రతో పోలిస్తే ఇందులో మందు చాలా తక్కువ, నేరుగా ఊపిరితిత్తుల్లోకే వెళ్తుంది. మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్ళి చేప ప్రసాదం తీసుకునే నమ్మకం మీకుంటే తీసుకోండి, కానీ ఇన్హేలర్ మాత్రం ఆపకండి.

ఏళ్ళ తరబడి పొగతాగినవాళ్ళకు, కట్టెల పొయ్యి ముందు జీవితం గడిపినవాళ్ళకు ఊపిరితిత్తులు పాడై ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకోవాల్సి వస్తుంది. వాళ్ళకు ఆక్సీమీటర్ అంకె సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంచమంటారు. 98 రావాలని మీ అంతట మీరు పెంచితే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోయే ప్రమాదం ఉంది.

టెన్షన్‌తో వచ్చే వేగమైన ఊపిరికి గుర్తులు వేరు. గాలి చాలట్లేదనిపిస్తుంది, పెదవుల చుట్టూ, వేళ్ళ చివర తిమ్మిర్లెక్కుతాయి, ఒక్కోసారి చేతివేళ్ళు కొంకర్లు పోతాయి. కార్బన్ డయాక్సైడ్ మరీ తగ్గిపోవడం వల్ల అలా అవుతుంది. "ఏం లేదు, నాటకం" అని మాత్రం అనకండి, ఆ మనిషికి ఆ క్షణంలో ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. ఎదురుగా కూర్చుని, ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు లోపలికి, పెదవులు సన్నగా చేసి ఆరు లెక్కపెట్టేంతసేపు బయటికి, మీరూ చేస్తూ చేయించండి. సినిమాల్లోలా ముఖానికి కవర్ పెట్టొద్దు. నిజంగా ఆక్సిజన్ తక్కువున్న మనిషైతే అది ప్రాణం తీస్తుంది. నలభై దాటినవాళ్ళకు ఇలా మొదటిసారి వస్తే టెన్షన్ అని మీరే తేల్చేయకుండా ఈసీజీ తీయించండి.

నెమ్మదించినా, ఎగశ్వాసగా మారినా

లేపినా సరిగా లేవని మనిషి నిమిషానికి పదికంటే తక్కువ ఊపిరి తీస్తుంటే నిద్రమాత్రలు, మత్తుమందులు, మద్యం, మెదడు దెబ్బ ఏదైనా కావచ్చు. 108కి చెప్పి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో ఏమీ పోయకుండా, ఊపిరి చూస్తూ పక్కనే ఉండండి.

పురుగుల మందు మింగినా, పిచికారీ చేస్తూ పీల్చినా నోట్లో నురగ, కన్నీళ్ళు, చిన్నవైపోయిన కంటిపాపలు, ఛాతీలో గురగుర కనిపిస్తాయి. తడిసిన బట్టలు విప్పి, చేతులకు తొడుగులేసుకుని సబ్బునీళ్ళతో ఒళ్ళు కడగండి. వాంతి చేయించొద్దు. మందు డబ్బా వెంట తీసుకెళ్ళండి, ఏ మందో తెలిస్తే విరుగుడు తొందరగా మొదలవుతుంది.

నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కాసేపటికి కనురెప్పలు వాలిపోయి, మాట ముద్దగా వచ్చి, ఊపిరి పైపైకి వస్తుంటే కట్లపాము కాటు అనుకోండి. గాటు కనబడకపోవచ్చు, నొప్పీ ఉండకపోవచ్చు. విషం ఊపిరి కండరాలను పనిచేయనివ్వదు. పసరు మందులకు, మంత్రాలకు పోయే ప్రతి పది నిమిషాలూ ప్రమాదమే. విషానికి విరుగుడు, వెంటిలేటర్ ఉన్న చోటికి చేరిస్తే, కదల్లేని స్థితిలో ఉన్నవాళ్ళు కూడా కొన్ని రోజుల్లో లేచి నడుస్తారు.

ఇక కుప్పకూలిపోయి, పలకకుండా, ఎప్పుడో ఒకసారి నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్న మనిషిని చూసి "ఊపిరుంది" అనుకుని ఆగిపోతారు. అది ఊపిరి కాదు, గుండె ఆగిన తర్వాత మెదడు చేసే చివరి ప్రయత్నం. ఒకరు 108కి ఫోన్ చేయాలి, ఇంకొకరు వెంటనే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కడం మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వండి. అలసిపోతే రెండు నిమిషాలకోసారి మనిషి మారండి, అంబులెన్స్ వచ్చేదాకా ఆపొద్దు.

ఆఖరి దశ క్యాన్సర్‌తోనో, ఇక కోలుకోరని డాక్టర్లు చెప్పిన జబ్బుతోనో ఇంట్లో ఉన్నవాళ్ళ సంగతి వేరు. చివరి రోజుల్లో ఊపిరి ఆగి ఆగి రావడం, గొంతులో గురగుర ఉంటాయి. ఆ చప్పుడు వినే మనకు కలిగించేంత బాధ సాధారణంగా వాళ్ళకు కలిగించదు. తల కాస్త ఎత్తుగా పెట్టి పక్కకు తిప్పండి, కిటికీ తెరవండి, ముఖానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెట్టండి. ఆయాసం ఎక్కువగా ఉంటే చిన్న మోతాదు మార్ఫిన్ ఉపశమనం ఇస్తుంది. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (నయంకాని జబ్బులో బాధ తగ్గించే వైద్యం) విభాగం ఉంది, అలాంటి సేవ మీ జిల్లాలో ఎక్కడుందో ముందే కనుక్కుని పెట్టుకోండి.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవి

ఒక కాగితం మీద ఇవి రాయండి: తేడా ఎప్పుడు మొదలైంది, నిమిషానికి ఎన్ని శ్వాసలు, ఏ భంగిమలో ఎక్కువవుతోంది, రాత్రా పగలా, ఆక్సీమీటర్ అంకె, షుగర్ అంకె. ఆక్సీమీటర్ పెట్టేముందు నెయిల్ పాలిష్ తీసేసి, వేళ్ళు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచండి, అంకె నిలకడగా వచ్చాకే రాయండి. వాడుతున్న మందులన్నీ, చూర్ణాలు, నిద్రమాత్రలతో సహా, ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఫోన్‌లో ఆ వీడియో ఉంచండి.